రెండో మాట

1. మంచు దట్టం

ఈ ఉదయం డాబా మీద, తాగే నీళ్ళ కోసం మంచు పట్టే మా వల మూలన ఒక సాలెపురుగు గూడు కట్టింది. మా వల కంటే దాని గూటికే ఎక్కువ చుక్కలు పట్టాయి. అమ్మ వల కింద బిందె మారుస్తూ, "మన మున్సిపాలిటీ వాళ్ళని దీని దగ్గర పనికి పెట్టాలే," అంది. నాకు నవ్వు రాలేదు. ఈ రోజు బడిలో చూపు ఉంది, చనిపోయినవారిని కోసి చూపించే పాఠం.

పన్నెండో తరగతిలో అందరూ చెయ్యాల్సిన ప్రాజెక్టు ఇది. మా టీచరు సిస్టర్ లియోనీకి ఇవ్వాల్సిన నివేదిక వేరు. ఇది నా సొంత పుస్తకం, అందుకే ఇందులో పేర్లు రాస్తాను.

చూపుగది మా బడికీ ఆసుపత్రికీ మధ్య ఉంది. ఇటు మా బెంచీలు, అటు బల్ల, నడుమ అద్దం. చనిపోయినవారి ముఖం మీద తెల్లగుడ్డ కప్పి ఉంచుతారు. కోసే డాక్టరుకు కూడా వారి పేరు చెప్పరు. మేము చేతులకు స్పర్శను అందించే తొడుగులు వేసుకున్నాం. డాక్టర్ వకుళ చేతికి ఏది తగిలితే అది మా చేతులకూ తగులుతుంది. మొదట చలి తగిలింది. వెనక వరసలో ఎవరో ఏడ్చారు.

కాసేపటికి నాకు భయం పోయింది. అది రాయడానికి సిగ్గుగా ఉంది. పుస్తకంలో చదివినవన్నీ చదివిన చోటే ఉన్నాయి. ఒక్కొక్కటీ గుర్తుపడుతుంటే లోపల సంతోషంగా ఉంది. ఆ గుడ్డ కింద ఒక ముఖం ఉందన్న సంగతే మర్చిపోయాను.

"ఇది కాలేయం," అంది డాక్టరు. "మెత్తగా, నున్నగా ఉండాలి. నొక్కి చూడండి."

నా వేళ్ళ కింద అది బెల్లం దిమ్మలా గట్టిగా ఉంది. పైన బుడిపెలు తగిలాయి.

"ఇంక ఆదివారం మా ఇంట్లో కార్జం వండితే నేను పస్తే," అని షమీమ్ నా చెవిలో గొణిగింది.

డాక్టరు చిన్న ముక్క తీసి దీపం కింద పెట్టి చూసింది. "తాగుడు వల్ల కాదు. ఇది రాగి. వలకు పాచి పట్టకుండా నీలంపూత పూస్తారు చూడండి, అందులో ఉండేది అదే. పలచగా పూస్తే ఏమీ కాదు. మందంగా, మళ్ళీ మళ్ళీ పూస్తే నీళ్ళలోకి దిగుతుంది. ఏళ్ళ తరబడి తాగితే ఇలా అవుతుంది. పిల్లలకైతే ఇంకా తొందరగా."

తర్వాత ఇంటికి పంపాల్సిన కబురు చెప్పింది. ప్రతి చూపుకీ కబురులో మూడు మాటలుంటాయి. మనిషి దేనివల్ల పోయారు, అది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఇంట్లో మిగిలినవాళ్ళు ఏం చెయ్యాలి. ఒకప్పుడు ఆసుపత్రివాళ్ళే ఇంటికి కబురు పంపేవారట. అది వీధంతా పాకి, ఒక కుటుంబాన్ని ఎవరూ గడప తొక్కనివ్వలేదట. అప్పటినుంచి కబురు ఒక్క నోటే వెళ్ళాలి, అదీ బడిపిల్ల నోట. పిల్లల మీద ఎవరికీ కోపం రాదని పెద్దల నమ్మకం.

సిస్టర్ లియోనీ వేలు నా వైపు చూపించింది.

"సిస్టర్, దీని నోట హాజరు పలికించడానికే మనకి తల ప్రాణం తోకకొస్తుంది!" అంది షమీమ్.

"అందుకే. ఈ క్లాసులో నోట్లో నువ్వుగింజ నానేది జసింతకి ఒక్కదానికే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను.

2. మంచు పలచన

బడి ఆవరణలోని లూర్దుమాత గుహ వెనక సిస్టర్ నా చెవిలో పేరు చెప్పింది. సూరాడ పైడమ్మ. రేవువీధి చివరి ఇల్లు. భర్త ఎల్లాజీ, ఒక పాప.

మా కొండ మీద రేవు లేదు. కింద ఊళ్ళు మునిగాక పైకి వచ్చిన చేపలవాళ్ళు తమ వీధికి ఆ పేరే పెట్టుకున్నారు.

సిస్టర్ నాకు తెల్లకండువా ఇచ్చింది. అది వేసుకుని వెళ్ళాలి, గడపలోనే నిలబడి చెప్పాలి, చెప్పాక వెనక్కి తిరిగి చూడకుండా రావాలి. "మళ్ళీ ఆ గడప తొక్కకూడదు. కండువా ఒకే ఇంటికి రెండోసారి వెళితే ఆ ఇంట్లో ఇంకో చావని జనం అనుకుంటారు. కాబట్టి ఒక్కసారికే అన్నీ చెప్పి రావాలి. సరేనా?"

తల ఊపాను.

సాయంత్రం షమీమ్ నాతో సాధన చేయించింది. ఎవరి ఇంటికో దానికి తెలియదు. చున్నీ తలపాగాలా చుట్టుకుని మా మెట్ల మీద కూర్చుంది.

"ఎవరమ్మా నువ్వు?"

"మాట తెచ్చానండీ."

"గట్టిగా సెప్పు, నాకు సెవుడు."

"మీ... మీవాళ్ళు..."

"మావాళ్ళు ఏటి? పోనారా, ఉన్నారా?"

అది తలపాగా విప్పేసింది. "ఒసే, చావుకబురు చల్లగా చెప్పేవాళ్ళని చూశాను గానీ, అసలు చెప్పనిదాన్ని నిన్నే చూడటం. వాళ్ళు నిన్నేం కొరుక్కుతినరే. మూడు ముక్కలు. చెప్పు, వచ్చెయ్."

రాత్రి పడుకునేముందు మూడూ మనసులో అనుకున్నాను. ఒక్క తడబాటు లేదు. మనసులో నేనెప్పుడూ తడబడను.

3. మంచు లేదు, ఎండ

చెప్పి వచ్చాను. అలా రాయకూడదు. వెళ్ళి వచ్చాను.

రేవువీధిలో నా కండువా చూసి ఆడవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. చివరి ఇంటి ముందు ఎల్లాజీ నిలబడి ఉన్నాడు, ఎదురుచూస్తున్నట్టు. పొడుగు మనిషి, గడ్డం చేయించుకోలేదు. నా వయసుకి తగని మర్యాద చేశాడు. "రండమ్మా. ఎండన పడి వొచ్చీసినారు."

గడపలో నిలబడ్డాను. మొదటి మాట చెప్పాను. కాలేయం పాడై పోయారు, ఆఖరి రోజుల్లో మగతలో ఉన్నారు కాబట్టి పెద్దగా నొప్పి తెలిసి ఉండదు. నా గొంతు నాకే వినపడలేదు గాని ఆయనకు వినపడింది. కళ్ళు మూసుకుని తల ఆడించాడు.

"నాను అలాగే అనుకున్నానమ్మా. మామూలు మనిషి కాదు అది. శుబ్రం అంటే పేణం. వలకి రవ్వంత పాచి అగుపించినా ఊరుకునీది కాదు. అందుకే సూడండి."

డాబా వైపు చెయ్యి చూపించాడు. అంత మంచి వల నేనెక్కడా చూడలేదు. ముడులన్నీ చేత్తో వేసినవి, చేపలవలకి వేసినట్టు. వలంతా నీలంగా మెరుస్తోంది.

"యీదంతటికీ మా వలే మేలు. ఏడాదికోసారి పూస్తారు అందరూ. నాను రెండుసార్లు, మూడుసార్లు పూస్తాను. రెండేసి పూతలు. మా నీళ్ళు అద్దంలా ఉంటాయని ఎవురినైనా అడగండి. అది నవ్వీది. 'నీ నీళ్ళలో ముకం సూసుకుని బొట్టెట్టుకోవచ్చు' అనీది."

రెండో మాట నా నాలుక మీద ఉంది. అది మీ వల నుంచి వచ్చింది. ఇంతే, ఐదు పదాలు.

లోపల్నుంచి ఒక పాప వచ్చి ఆయన కాలు పట్టుకుంది. బడికి ఇంకా పోని వయసు. పేరు నూకాలు.

ఆయన పాప తల మీద చెయ్యి పెట్టి అడిగాడు. "ఒక్క మాట సెప్పండమ్మా, సదువుకున్నోలు. నా సేతిలో ఏటైనా ఉండీదా? నాను సెయ్యాల్సింది ఏటైనా సెయ్యకుండా ఉండిపోనానా?"

ఆయన కళ్ళలోకి చూశాను. చూసి ఉండకూడదు.

"లేదండీ," అన్నాను.

"అమ్మయ్య," అన్నాడాయన. గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుని ఏడ్చాడు. నేను వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. ఆ ఒక్కటీ నియమం ప్రకారమే చేశాను.

4. మంచు దట్టం

సిస్టర్ స్టాఫ్ రూములో అడిగింది. "అన్నీ చెప్పావా?"

తల ఊపాను.

"మూడూ?"

మళ్ళీ ఊపాను. అబద్ధం ఆడటానికి నోరు కూడా తెరవక్కరలేదని ఈ రోజు తెలిసింది.

నివేదిక ఇచ్చాను. కాలేయం గురించి రెండు పుటలు రాశాను. గట్టిదనం, బుడిపెలు, రంగు, రాగి ఎలా పేరుకుంటుందో అంతా. సిస్టర్ క్లాసులో చదివి వినిపించింది. "చూడటం సగం, చెప్పటం సగం అని నేనంటూ ఉంటాను. రెండూ ఇందులో ఉన్నాయి," అంది. ఊరి సభలో నన్నే చదవమంది.

అమ్మకి తెలిసి పాలకోవా చేసింది. పక్కింటి పిన్నిని పిలిచి మరీ పెట్టింది. "మా జసింత సభలో మాట్లాడుతుందట, నమ్ముతావా?" పిన్ని నమ్మనని చేతులు తిప్పింది. నేను కోవా నోట్లో పెట్టుకున్నాను. అలాగే లోపలికి వెళ్ళిపోయాను.

లైబ్రరీలో పిల్లల గురించి చదివాను. చిన్నపిల్లల కాలేయం రాగిని బయటికి తోయలేదు. మొదట్లో బయటికి ఏమీ కనపడదు. పిల్ల ఆడుతూనే ఉంటుంది. కనపడేసరికి చాలావరకు గట్టిపడి ఉంటుంది. ముందే పట్టుకుంటే మందుంది.

ఆ పాప ఇంకా ఆ నీళ్ళే తాగుతోందని తెలిసిన నోరు ఊళ్ళో ఒక్కటే. డాక్టరుకు ఇల్లు తెలియదు. సిస్టర్ నేను చెప్పేశాననుకుంటోంది. ఎల్లాజీ తన చేతిలో ఏమీ లేదనుకుంటున్నాడు.

5. మంచు పలచన

రెండు మూడు దారులు వెతికాను. అన్నీ నేను మాట్లాడకుండా ఉండే దారులే.

చీటీ రాశాను. చింపేశాను. ఎల్లాజీ దాన్ని ఎవరిచేతనైనా చదివించుకుంటే వీధంతా తెలుస్తుంది.

షమీమ్‌ని అడిగాను. "నువ్వొక ఇంటికి వెళ్ళి ఒక మాట చెప్పగలవా?"

"ఏ ఇల్లు?"

నేను చేతిలో పుస్తకం తెరిచి మూశాను.

అది నన్ను తేరిపార చూసింది. దాని ముఖంలో వేళాకోళం పోయింది. "చెప్పలేదు కదా నువ్వు?"

"ఒకటి చెప్పాను."

"మిగతావి?"

"ఆయనే పూశాడు షమీమ్. ఆవిడ కోసం. ఆ మాట ఆయనతో ఎలా అనను?"

"ఇంట్లో పిల్లలున్నారా?"

తల ఊపాను.

"నాకు ఇల్లు చెప్పకు," అంది షమీమ్. "చెప్తే నేను వెళ్తాను. వెళ్తే నువ్వు ఎప్పటికీ వెళ్ళవు. జన్మంతా నీ హాజరు ఇంకొకరే పలకాలి." సంచీ భుజాన వేసుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఎల్లుండి లోపల నువ్వు వెళ్ళకపోతే సిస్టర్‌కి చెప్పేస్తా. తిట్టుకో."

తిట్టుకోలేదు. బెదిరించే మనిషి ఒకరు దొరికినందుకు ఊపిరి పీల్చుకున్నాను. అది కూడా సిగ్గుపడాల్సిందే.

సాయంత్రం బజారుకు వెళితే హార్డ్‌వేర్ కొట్టు ముందు ఎల్లాజీ కనపడ్డాడు. చేతిలో నీలంపూత డబ్బా, చిన్నది కాదు, పెద్దది. నూకాలు కుంచె పట్టుకుని పక్కన గెంతుతోంది. నన్ను చూసి ఆయన నమస్కారం పెట్టాడు. కండువా లేదు కాబట్టి మాట్లాడొచ్చు.

"రేపు మా ఆడదాని పెద్దకర్మమమ్మా. సుట్టాలందరూ వొస్తారు. దాని ఇంట్లో నీళ్ళు పచ్చగా ఉన్నాయని ఎవురూ అనకూడదు గదా. పొద్దున్నే ఇంకో పూత ఏసీసి..." నవ్వడానికి చూశాడు. "దాని కోసం సెయ్యడానికి ఇంకేటి మిగిలిందమ్మా?"

"మా గుంట కూడా పూస్తాదట," అని పాప చేతిలోని కుంచె ఎత్తి చూపించాడు.

కొట్టు ముందు చాలామంది ఉన్నారు. నేను నమస్కారం పెట్టి వచ్చేశాను.

6. మంచు దట్టం

కండువా వేసుకుని వెళ్ళాను. అది లేకుండా వెళితే నా మాట మాటగా తీసుకోకపోవచ్చు. అది ఉంటే వీధి ఏమనుకుంటుందో తెలుసు. తెలిసే వేసుకున్నాను.

రేవువీధి మొదట్లో ఒక ముసలామె చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేచింది. చాట కింద పడింది.

"ఓలమ్మో! మల్లీ వొచ్చీసింది!"

తలుపులు మూసుకున్నాయి. ఎవరో పిల్లవాణ్ణి రెక్క పట్టి లోపలికి లాగారు. ఏ ఇంటికి, ఏ ఇంటికి అని గొంతులు నా వెంటే వచ్చాయి. నేను చివరి ఇంటి వైపు తిరగగానే ఆగిపోయాయి.

ఎల్లాజీ డాబా మీద ఉన్నాడు. రెండు చేతులూ మణికట్టు దాకా నీలం. నన్ను చూశాడు, నా కండువా చూశాడు. కుంచె వదిలేశాడు.

"గుంటేది? నూకాలూ! ఒలే నూకాలూ!"

మెట్లు దిగలేదు, దూకాడు. పాప పెరట్లో ముగ్గుపిండితో ఆడుకుంటోంది. దాని ముఖం రెండు చేతులా పట్టుకుని చూశాడు, బతికి ఉందో లేదో చూస్తున్నట్టు. పాప బుగ్గల మీద ఆయన అరచేతులు అచ్చుపడ్డాయి.

"బాగానే ఉందండీ," అన్నాను. గట్టిగానే వచ్చింది గొంతు. "కొత్త కబురు కాదు. పాతదే. నేను ఆ రోజు అంతా చెప్పలేదు."

చెప్పాను. పైడమ్మగారి కాలేయంలో ఉన్నది రాగి. అది వలకు పూసే నీలంపూత నుంచి వచ్చింది. మందంగా పూసినందువల్ల నీళ్ళలోకి దిగింది.

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ఆ రోజు అడిగాను గదమ్మా."

"అడిగారు."

"లేదన్నారు."

"అన్నాను."

"ఏటికమ్మా?"

నా దగ్గర జవాబులున్నాయి. అన్నీ నా గురించే. "మీరు బాధపడతారని," అన్నాను.

ఆయన కేకలు వేయలేదు. పిల్లల మీద కోపం రాదన్న పెద్దల నమ్మకం నిజమో కాదో నాకు తెలియలేదు. మామూలు గొంతుతోనే అన్నాడు. "నాను బాధపడతానని నా గుంట సేత తాగించీసినారా ఇన్నాళ్ళూ?"

మూడో మాట మిగిలి ఉంది. పాపను ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, రక్తం చూస్తారు, మందుంది, ఈ వల నీళ్ళు ఇంకెవరూ తాగకూడదు. అది చెప్పేటప్పుడు ఏడుపు వచ్చింది. ఏడవడానికి నాకు హక్కు లేదని ఆపుకోబోయాను, కుదరలేదు.

గోడ అవతల పక్కింటి నరసాయమ్మ నిలబడి ఉంది. నియమం ప్రకారం ఆమె వినకూడదు. అంతా వింది. "ఇంత సదువు సదివినావు. 'నీల్లు తాగకండి' అనడానికి ఏటి రోగం నీకు?" అంది.

ఎల్లాజీ పైకి వెళ్ళాడు. మొలలోంచి వలకత్తి తీశాడు. ముడి వేసిన మనిషికి కొయ్యడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. నాలుగైదు చోట్ల కోసేసరికి వలంతా ఒక్కసారిగా పెరట్లోకి కూలింది. పట్టిన మంచు నా మీదా, పాప మీదా చినుకుల్లా పడింది. నేను పాపను పక్కకి లాగి ముఖం తుడిచాను.

చుట్టాలు ఒక్కొక్కరే వస్తున్నారు. ఆయన వాళ్ళ మధ్యనుంచే దారి చేసుకున్నాడు. పాపను ఎత్తుకుని ఆసుపత్రికి నడిచాడు. నేను వెనకాలే నడిచాను. ఆయన ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

7. మంచు పలచన

నూకాలును డాక్టర్ వకుళ చూసింది. కాలేయం కొంచెం పెరిగింది. మందు మొదలుపెట్టారు. "మరీ ఆలస్యం కాలేదు. ముందుగానూ రాలేదు," అంది డాక్టరు. ఆమెకు నేనెవరో తెలియదు. ఆ మాట ఎల్లాజీతో అంది.

సిస్టర్ లియోనీ దగ్గరికి నేనే వెళ్ళాను. కూర్చోమంది, కూర్చోలేదు. అంతా చెప్పాను. ఇంతసేపు ఆమె ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. మధ్యలో ఆమె జపమాల తీసి చేతిలో పట్టుకుంది, జపం చేయలేదు.

"నువ్వు తల ఊపితే నేను దాన్ని మాట అనుకున్నాను," అంది చివరికి. "మాట్లాడని పిల్లంటే నమ్మకమైన పిల్ల అనుకున్నాను. ఆ తప్పు నాది."

తిట్టినా బాగుండేది.

సభలో నా నివేదిక చదవడం లేదు. సిస్టర్ వద్దనలేదు, నేనే వద్దన్నాను. వచ్చే ఏడు మాట మోసే పిల్లలకు సాధన నన్ను చేయించమంది. "నువ్వు చేసిందే వాళ్ళకి చెప్పు. పూర్తిగా," అంది. ఒప్పుకున్నాను. ఎలా చెప్పాలో తెలియదు.

షమీమ్ మధ్యాహ్నం నా పక్కన కూర్చుని తన డబ్బాలో సగం నా డబ్బాలో వేసింది. ఏమీ అడగలేదు. అది ఏమీ అడగకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

రేవువీధిలో కొందరు తమ వలలు విప్పుకుని ఆసుపత్రికి పట్టుకెళుతున్నారట, పరీక్షకి. ఎల్లాజీ ఇంటికి రాకపోకలు మానినవాళ్ళూ ఉన్నారట. రెండూ నా వల్లే.

సిస్టర్‌కి అంతా చెప్పానని రాశాను. ఒక్కటి చెప్పలేదు.

మొదటిరోజు గడపలో ఎల్లాజీ నాకు గ్లాసుతో ఆ వల నీళ్ళు ఇచ్చాడు. ఎండన నడిచి వచ్చి కూడా నేను దాహం లేదన్నాను.